సంతకాల గడువు భోగి రోజున తీరింది: డొమైన్ కీల నిర్వహణలో నా అనుభవం

భీమవరం దగ్గర రొయ్యలను శుద్ధి చేసి విదేశాలకు ఎగుమతి చేసే ఒక సంస్థలో నేను కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. మా డొమైన్‌కు డిఎన్‌ఎస్‌సెక్ (డొమైన్ పేరు గురించి ఇచ్చే జవాబుల మీద డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి) ఉండాలన్న ఆలోచన నాది కాదు. 2022 నవంబరులో ఒక విదేశీ కొనుగోలుదారు పంపిన భద్రతా ప్రశ్నాపత్రంలో, శీతల గిడ్డంగి ఉష్ణోగ్రతల నమోదు గురించీ ఉద్యోగుల పాస్‌వర్డుల గురించీ అడిగిన ప్రశ్నల మధ్య, మీ డొమైన్ జవాబులకు డిజిటల్ సంతకాలు ఉన్నాయా అని ఒక్క వరుస కనిపించింది. మేనేజరు గారు ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, "ఇదేంటో చూసి, ఉందని రాయగలిగేలా చెయ్యండి" అన్నారు. ఆయన అడిగినది ఒక టిక్కు మాత్రమే. ఆ టిక్కు వెనుక ఎన్నేళ్ల పని ఉందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

సంగతి మాత్రం అనవసరమైనది కాదు. డొమైన్ పేరును చిరునామాగా మార్చి చెప్పే ఈ వ్యవస్థ 1980లలో రూపుదిద్దుకున్నప్పుడు, వచ్చిన జవాబు నిజంగా అసలు యజమాని నుంచే వచ్చిందా అని సరిచూసుకునే ఏర్పాటు అందులో లేదు. ప్రశ్నతో పాటు వెళ్ళే 16 బిట్ల సంఖ్య, అంటే 65,536 అవకాశాల్లో ఒకటి, జవాబులో సరిపోతే చాలు, రిజాల్వర్ (మన తరఫున అడిగి చిరునామా తెచ్చిపెట్టే సర్వరు) నమ్మేది. ఆ బలహీనతను ఎంత వేగంగా వాడుకోవచ్చో 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ చూపించిన తరువాత, ప్రశ్న బయలుదేరే పోర్టు సంఖ్యను కూడా యాదృచ్ఛికంగా మార్చడం వంటి కట్టుదిట్టాలు వచ్చాయి గానీ, జవాబు మీదనే సంతకం ఉండడమే అసలు మందు. ఎవరైనా దారిలో మా చిరునామాను మార్చేసి, ఇన్‌వాయిసు మెయిళ్లను తమ దగ్గరికి మళ్లించుకుంటే పోయేది ఒక కంటెయినరు సరుకు డబ్బు. అందుకని ప్రశ్నాపత్రం పంపినవారిని నేను తప్పుపట్టలేను.

మా డొమైన్ డాట్ కామ్ కింద ఉంది. ఆఫీసులోనే డొమైన్ ప్రశ్నలకు జవాబిచ్చే బైండ్ సాఫ్ట్‌వేరుతో ఒక ప్రధాన సర్వరు, బయట ఒక చోట అద్దెకు తీసుకున్న రెండో సర్వరు ఉన్నాయి. ఒక పాత పాఠం దొరికితే దాన్ని ముందు పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చేశాను. రెండు కీల జతలు తయారుచేయాలి; ఒక్కో జతలో సంతకం పెట్టే రహస్య భాగం, దాన్ని సరిచూసే బహిరంగ భాగం ఉంటాయి. ఒకటి జోన్ సైనింగ్ కీ, జోన్‌లోని (అంటే డొమైన్ పట్టికలోని) రోజువారీ రికార్డులన్నిటి మీదా సంతకం పెట్టేది. రెండోది కీ సైనింగ్ కీ, కీల జాబితా మీద మాత్రమే సంతకం పెట్టేది. ఈ రెండో కీ బహిరంగ భాగానికి, వేలిముద్రలా గుర్తుపట్టేందుకు, తీసిన హాష్‌ను డీఎస్ రికార్డు అంటారు; దాన్ని రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే సంస్థ) ద్వారా డాట్ కామ్ జోన్‌లో పెట్టిస్తే, మూలం (అన్ని పేర్లకూ పైన ఉండే రూట్ జోన్) నుంచి మా పేరు దాకా గొలుసు పూర్తవుతుంది. మూల జోన్ సంతకం 2010 జులై 15న, డాట్ కామ్ సంతకం 2011 మార్చిలో మొదలయ్యాయి కాబట్టి పైనంతా ఎప్పుడో సిద్ధంగా ఉంది, కింద మేమే ఆలస్యం.

పాఠం ప్రకారం రెండింటికీ ఆర్‌ఎస్‌ఏ అనే సంతకాల పద్ధతిలో 2048 బిట్ల కీలు తయారుచేసి, డిసెంబరు 15వ తేదీ గురువారం ఉదయం 11:30కి జోన్‌కు చేత్తో సంతకాలు పెట్టాను. రెండు రోజులకు డీఎస్ కూడా డాట్ కామ్‌లో కనిపించింది. రహస్య కీలు నెట్‌కు తగిలిన యంత్రంలో ఉండరాదని అదే పాఠం గట్టిగా చెప్పింది గనుక, వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, సర్వరులోంచి చెరిపేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను అకౌంట్సు గదిలోని ఇనప బీరువాలో పెట్టించాను. బీరువా తాళంచెవి అకౌంటెంటు గారి మొలతాడుకు ఉంటుంది. ప్రశ్నాపత్రంలో ఉందని రాసి పంపాము. ఆ సాయంత్రం నేను చాలా జాగ్రత్తపరుణ్ణని అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

నేను సరిగా చదవని వాక్యం ఒకటి ఉంది. ఆ సైనింగ్ పనిముట్టు, మనం వేరే చెప్పకపోతే, ఒక గంట వెనక్కి వేసిన సమయం నుంచి 30 రోజుల గడువుతో సంతకాలు పెడుతుంది. గడియారాల్లో కొద్దిపాటి తేడాలున్నా సంతకం ఇంకా మొదలవలేదని ఎవరూ తిరస్కరించకుండా ఆ గంట. నా సంతకాలన్నింటి చివర 20230114050000 అన్న అంకెలు ఉన్నాయి. అది అంతర్జాతీయ సమయం. మన సమయానికి మార్చుకుంటే జనవరి 14, ఉదయం 10:30. అంటే భోగి.

ఆ రోజు నేను రాజోలు దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఉన్నాను. తెల్లవారుజామున భోగి మంట, తరువాత స్నానాలు, పిండివంటలు అయ్యి, వీధి అరుగు మీద కూర్చున్న సమయంలో మొదటి ఫోను వచ్చింది. ఉండి వైపు చెరువులున్న ఒక రైతు గారు. "ఆయ్, రేట్లు కనబడ్డం లేదండి బాబూ. మా తమ్ముడి ఫోన్లో వత్తున్నాయండి, నా ఫోన్లోనే రావట్లేదు." మా సైటులో ఏ కౌంటు (కిలోకు తూగే సంఖ్య) రొయ్యకు ఆ పూట ఎంత ధరో పెడతాము, పట్టుబడి పెట్టాలా వద్దా అని రైతులు దాన్ని చూసే నిర్ణయించుకుంటారు, పండగైనా రొయ్య ఆగదు కదా. ఫోన్‌లో ఏదో తేడా అనుకుని, ఒకసారి ఆపి మళ్ళీ వేయమన్నాను. పావుగంటలో మరో నాలుగు ఫోన్లు. కొందరికి వస్తోంది, కొందరికి రావడం లేదు. ఒకే ఇంట్లో ఒక నెట్‌వర్కులో వస్తోంది, మరొక నెట్‌వర్కులో రావడం లేదు.

సర్వరు పడిపోతే అందరికీ పోవాలి. సగం మందికి పోయిందంటే తేడా మా దగ్గర కాదు, అడిగే దారిలో ఉందన్నమాట. సంతకాలను సరిచూసే రిజాల్వర్ల వెనుక ఉన్నవారికి సైటు పోయింది. సరిచూడని రిజాల్వర్ల వెనుక ఉన్నవారికి ఏ ఇబ్బందీ లేదు. లాప్‌టాప్ తెరిచి, గూగుల్ వారి రిజాల్వర్ 8.8.8.8ను, డొమైన్ ప్రశ్నలు వేసే పనిముట్టు డిగ్‌తో అడిగితే సర్వ్‌ఫెయిల్ (జవాబు ఇవ్వలేను) అని వచ్చింది; అదే ప్రశ్నను, సంతకాలు చూడవద్దని చెప్పే సీడీ జెండా పెట్టి అడిగితే చిరునామా చక్కగా వచ్చింది. ఈ రెండు జవాబులూ పక్కపక్కన కనబడితే ఇక అనుమానం అక్కరలేదు, జబ్బు డిఎన్‌ఎస్‌సెక్‌దే. సంతకం వివరాలు చూసేసరికి ఆ 14 అంకెలు ఎదురుగా నిలిచాయి. సంతకం గడువు దాటి ఏ జవాబునూ నిల్వ ఉంచుకోకూడదని రిజాల్వర్లకు నియమం ఉంది కాబట్టి, మెల్లగా కాక, 10:30 కొట్టగానే ఒక్కసారిగా ఆగిపోయింది.

సర్వరు అద్దెకిచ్చిన వారికి ఫోను చేస్తే, అక్కడి కుర్రవాడు మర్యాదగానే, "సార్, సంతకాలు తీసేసి మామూలు జోన్ పెట్టేయండి, పని చేస్తుంది" అన్నాడు. ఆ మాట విని ఉంటే ఇంకా మునిగేవాణ్ణి. డాట్ కామ్‌లో మా డీఎస్ ఉన్నంతకాలం, సరిచూసే ప్రతి రిజాల్వరూ మా జోన్‌కు సంతకాలు ఉండి తీరాలనే నమ్ముతుంది. సంతకం లేని జవాబును గడువు తీరిన జవాబులాగే తోసిపుచ్చుతుంది. పోనీ ముందు డీఎస్ తీయిద్దామంటే, డాట్ కామ్‌లో దాని నిల్వకాలం 86,400 సెకన్లు, అంటే ఒక పూర్తి రోజు. మనం తీసినా, ఇప్పటికే దాన్ని అందుకున్న రిజాల్వర్లు మరునాటి వరకు దాన్నే పట్టుకుని ఉంటాయి. 2021 సెప్టెంబరు 30న స్లాక్ వంటి పెద్ద సంస్థకే ఇది అనుభవమైంది: డీఎస్‌ను వెనక్కు తీసుకుని సంతకాలు ఆపేశాక కూడా, నిల్వ ఉన్న పాత డీఎస్ వల్ల చాలామందికి గంటల తరబడి ఆ సేవ అందలేదు.

ఇది మా డెల్టాలో పుట్టినవాడికి కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. ధవళేశ్వరం దగ్గర తలుపు దించినంత మాత్రాన శివారు పొలం బోదెలో నీరు ఆ క్షణమే ఆగదు, తలుపు ఎత్తినంత మాత్రాన ఆ క్షణమే రాదు. దారిలో ఉన్న నీరు తన దారిన తాను వస్తూనే ఉంటుంది. వంతుల రోజుల్లో లస్కరు ఎప్పుడు తలుపు ఎత్తాడో, ఆ నీరు తమ గట్టుకు ఎన్ని గంటలకు చేరుతుందో లెక్క వేసుకోని శివారు రైతు ఉండడు. నిల్వకాలం అన్నది సరిగ్గా ఆ లెక్కే, నేనే దాన్ని వేసుకోలేదు.

కాబట్టి మిగిలిన దారి ఒక్కటే, కీలు తెచ్చి మళ్ళీ సంతకాలు పెట్టడం. కీలు పెన్‌డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్ బీరువాలో, బీరువా తాళంచెవి అకౌంటెంటు గారి దగ్గర, అకౌంటెంటు గారు కోడిపందేల బరి దగ్గర. ఆయన ఫోను మోగుతోంది గానీ ఆ కోలాహలంలో వినబడే అవకాశం లేదు. అత్తగారు విస్తరి వేయబోతుంటే ఆపి, పన్నెండుంబావుకు కారు తీశాను. దిండి నుంచి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, వీరవాసరం మీదుగా భీమవరం మామూలు రోజుల్లో గంటన్నర లోపు ప్రయాణం. ఆ రోజు బరులున్న ప్రతి తోట దగ్గరా రోడ్డుకు రెండు వైపులా కార్లు నిలిపి ఉండడంతో మూడు గంటలు దాటింది. అకౌంటెంటు గారిని ఆయన తోడల్లుడి ద్వారా పట్టుకుని, తాళం తీయించి, పెన్‌డ్రైవ్ చేతికి వచ్చేసరికి నాలుగు. ఆయన నన్ను చూసిన చూపులో, పందెం మధ్యలో లేపుకొచ్చినందుకు క్షమించరాని నేరం కనిపించింది.

నాలుగుంబావుకు కొత్త సంతకాలు పడ్డాయి. అయినా ఫోన్లు ఆగలేదు, ఇప్పుడు ఒకే ఫోనులో ఒకసారి వస్తోంది, మరోసారి రావడం లేదు. కంగారులో జోన్ వరుస సంఖ్యను పెంచడం మరిచిపోయాను. సంఖ్య మారకపోతే రెండో సర్వరు కొత్తదేమీ లేదనుకుని పాత ప్రతినే ఉంచుకుంటుంది. అందుచేత ప్రధాన సర్వరు తాజా సంతకాలనూ, రెండో సర్వరు గడువు తీరిన సంతకాలనూ ఇస్తున్నాయి. ఆ చిన్న తప్పు కనిపెట్టడానికి ఇంకో గంటన్నర పట్టింది. సంఖ్య పెంచి, రెండో సర్వరు కొత్త ప్రతిని తీసుకున్నదని చూసుకున్నాక, మరో పది నిమిషాల్లో అన్ని నెట్‌వర్కుల నుంచీ సైటు కనిపించింది. అప్పటికి ఆరు. ఆ రోజు ఆగిన మెయిళ్లు పంపినవారి సర్వర్లలోనే వేచి ఉండి రాత్రికి చేరాయి గనుక పెద్ద నష్టం జరగలేదు. చల్లారిన బూరెలు మరునాడు తిన్నాను.

పండగ తరువాత, ఈ పనిని చేత్తో చేయకూడదన్న విషయంలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. కీలను ఆఫ్‌లైన్‌లో ఉంచాలా వద్దా అన్నదే చర్చ. మూల జోన్‌ను చూసుకునేవారు ఎంత కట్టుదిట్టంగా ఉంటారో అప్పుడే చదివాను. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో ఒకటి, వర్జీనియాలోని కల్పెపర్‌లో ఒకటి, రెండు కేంద్రాలు ఉంటాయి. ఏడాదికి నాలుగుసార్లు అక్కడ ఒక క్రతువులా కార్యక్రమం జరుగుతుంది. ఒక్కో కేంద్రానికి నియమించిన ఏడుగురు బాధ్యుల్లో కనీసం ముగ్గురు తమ వంతు కార్డులున్న పెట్టెలు తెరిస్తే తప్ప కీ ఉన్న పరికరం కదలదు. అంతా కెమెరాల ముందు, లిఖిత క్రమం ప్రకారం. అంత ఏర్పాటులోనూ 2020 ఫిబ్రవరిలో ఒక ఇనప్పెట్టె తాళం మొరాయించి, కార్యక్రమాన్ని కొన్ని రోజులు వాయిదా వేయవలసి వచ్చింది. అది చదివి, మా బీరువా సంగతి తలచుకుని, కొంత ఊరట పొందాననే చెప్పాలి.

వాళ్ళ పద్ధతి వాళ్ళకు సరిపోయింది. ఇరవై పేర్లున్న మా జోన్‌కు అది ఏనుగు అంబారీ. మా వంటివారికి దొంగ కన్నా మతిమరుపే పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. అందుకని కీలు సర్వరులోనే ఉండి, సంతకాలు వాటంతట అవే పడాలని నిర్ణయించాము. అయితే ఆ సర్వరును బయటి ప్రపంచానికి కనబడకుండా వెనక్కు జరిపి, బయట అద్దెకు తీసుకున్న రెండు సర్వర్లకు మాత్రమే అది జోన్‌ను అందించేలా మార్చాము. ప్రశ్నలు వచ్చేది ఆ రెండింటికే. వాటిలో కీలు ఉండవు, సంతకాలు పడిన జవాబులు మాత్రమే ఉంటాయి.

బైండ్‌లో ఇందుకు డిఎన్‌ఎస్‌సెక్ పాలసీ అనే సౌకర్యం ఉంది. కీ ఏ రకం, ఎన్నాళ్ళు వాడాలి, సంతకం గడువు ఎంత, తీరడానికి ఎన్ని రోజుల ముందు తాజా సంతకం పెట్టాలి అన్నవి రాసి ఇస్తే మిగిలినది అదే చూసుకుంటుంది. మామూలుగా సంతకానికి 14 రోజుల గడువు ఇచ్చి, ఇంకా ఐదు రోజులు ఉండగానే మార్చేస్తుంది. ఇక్కడ ఒక గుంట ఉంది, పడకుండా తప్పుకున్నందుకు మాత్రం నన్ను నేను మెచ్చుకుంటాను. ఉన్న కీలు ఒక రకమైతే, పాలసీలో రాసినది మరో రకమైతే, పాత కీలు పాలసీకి సరిపడవని భావించి అది వెంటనే కీల మార్పిడికి దిగుతుంది. అందుచేత మొదట పాలసీలో పాత ఆర్‌ఎస్‌ఏ పద్ధతినే, అదే 2048 పొడవునే రాసి, ఉన్న కీలను అది తనవిగా స్వీకరించిందని నిర్ధారించుకుని, రెండు నెలలు ఊరికే చూస్తూ ఉన్నాను.

కొత్త పద్ధతికి మారాలన్న కోరిక అప్పటికే ఉంది. 13వ నంబరు అల్గారిథమ్ (సంతకం లెక్కగట్టే పద్ధతి), అంటే పీ-256 అనే గణిత వక్రం మీద ఈసీడీఎస్‌ఏ. ఆర్‌ఎస్‌ఏ 2048లో ఒక్కో సంతకం 256 బైట్లు. ఇందులో 64 బైట్లే. జవాబులు చిన్నవైతే ఒకే ప్యాకెట్టులో ఇముడుతాయి. అంతకన్నా నన్ను ఆకర్షించినది వేరే ఉంది: ఆ రహస్య కీ మొత్తం 32 బైట్లే, రాసుకుంటే 44 అక్షరాలు. ఒక చీటీ మీద చేత్తో రాసి పెట్టుకోవచ్చు. మా దగ్గర ఉప్పుగాలికి, చెమ్మకు పెన్‌డ్రైవ్‌ల కొసలు రెండేళ్ళలో చిలుము పడతాయి; బీరువాలోని ఆ పాత పెన్‌డ్రైవ్ కూడా మార్చి నెలలో తెరవబోతే ఒకసారి చదవలేదు, తుడిచి మళ్ళీ పెడితే చదివింది. కాగితానికి ఆ జబ్బు లేదు, చెదపురుగు ఒక్కటే భయం.

2023 మే నెలలో, కాలువలు కట్టేసి పూడికలు తీసే రోజుల్లో, మార్పు మొదలుపెట్టాను. అల్గారిథమ్ మార్చడం మామూలు కీ మార్పిడి కన్నా చిక్కైనది. కీల జాబితాలో ఒక అల్గారిథమ్ కనిపిస్తే, జోన్‌లోని ప్రతి రికార్డుకూ ఆ అల్గారిథమ్‌తో సంతకం ఉండాలన్నది నియమం. కొన్ని రిజాల్వర్ల దగ్గర పాత సంతకాలు, కొన్నింటి దగ్గర కొత్త కీలు నిల్వ ఉంటే ఆ రెంటికీ పొత్తు కుదరదు. అందుచేత జాగ్రత్త పద్ధతిలో ముందు కొత్త సంతకాలు, అవి అన్నిచోట్లకూ చేరాక కొత్త కీలు, అవి చేరాక కొత్త డీఎస్, అది చేరాక పాత డీఎస్ తొలగింపు, చివరకు పాత కీలు, ఆ తరువాతే పాత సంతకాలు. కీల నిర్వహణ మీద 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6781 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఈ వరుస అంతా ఉంది. నేను మా జోన్‌లోని నిల్వకాలాలను ముందుగానే ఒక రోజు నుంచి ఒక గంటకు తగ్గించి ఉంచడంతో, డాట్ కామ్ చేతిలో ఉన్న ఆ ఒక రోజు తప్ప మిగిలిన నిరీక్షణలు గంటల్లో తేలిపోయాయి. అసలు ఈ పనిలో గణితమంతా యంత్రానిది. మనిషి చేయవలసింది వేచి ఉండడమే, అదే చేతకాదు.

మే 8న పాలసీ మార్చాను. 11వ తేదీన కొత్త డీఎస్‌ను రిజిస్ట్రార్‌కు ఇవ్వవలసి వచ్చింది. వారి పేజీలో డీఎస్ చేర్చే గడి పని చేయక, వివరాలను మెయిల్‌లో పంపమన్నారు: కీ గుర్తు సంఖ్య, అల్గారిథమ్ సంఖ్య, హాష్ రకం, హాష్. హాష్ 64 అక్షరాలు. సాయంత్రానికి చేర్చామని జవాబు వచ్చింది. అయితే భోగి నాటి నుంచి ఎవరి మాటా నమ్మే అలవాటు పోయింది కనుక, డాట్ కామ్ సర్వరునే నేరుగా అడిగి, వచ్చిన హాష్‌ను మా దానితో పోల్చాను. అంతా సరిపోయినట్టే ఉంది. మా ఆఫీసులో అప్పుడే చేరిన అమ్మాయిని పిలిచి, నేను ఒకటి చదువుతుంటే ఆమె రెండోది చూసేలా, నాలుగేసి అక్షరాలుగా మళ్ళీ పోల్చాము. తొమ్మిదో నాలుగు దగ్గర ఆమె ఆపింది. "ఎనిమిది కాదు సార్, ఇక్కడ బీ ఉంది."

పాత డీఎస్‌ను తీయించి దీన్నొక్కదాన్నే పెట్టించి ఉంటే, మరో భోగి అయ్యేది. పాతది పక్కనే ఉండగా కొత్తది చేర్పించడం వల్ల, తప్పు డీఎస్‌ను పక్కన పెట్టి పాతదానితో గొలుసు కలుస్తూనే ఉంది. ఒక్క రైతు గారికీ రేట్లు ఆగలేదు. మరునాడు దాన్ని సరిచేయించి, మళ్ళీ పోల్చి, అప్పుడే బైండ్‌కు డీఎస్ పైన కనిపించిందని ఆజ్ఞ ద్వారా తెలియజేశాను. ఆ మాట మనం చెప్పేదాకా అది పాత కీని వదలదు, ఎన్నాళ్ళైనా కాచుకుని ఉంటుంది. ఇది కొందరికి విసుగు పుట్టించే పద్ధతి. నాకు మాత్రం ఆ సాఫ్ట్‌వేరులో అన్నిటికన్నా నచ్చినది ఇదే. 15న పాత డీఎస్‌ను తీయించి, తీసేశారని చూసుకుని, అది కూడా చెప్పాను. 18వ తేదీకి జోన్‌లో ఆర్‌ఎస్‌ఏ జాడ లేదు.

లేని పేరును అడిగితే లేదని సంతకంతో చెప్పే పద్ధతుల్లో ఏది వాడాలన్న ప్రశ్న ఒకటి మధ్యలో వచ్చింది. పేర్లను హాష్ చేసి దాచే ఎన్‌సెక్3 కన్నా, సాదా ఎన్‌సెక్ చాలనుకున్నాము. మా జోన్‌లో ఉన్న ఇరవై పేర్లను ఎవరైనా వరుసగా లెక్కపెట్టుకుంటే పోయేది ఏమీ లేదు.

కొత్త కీలలో కీ సైనింగ్ కీకి కాలపరిమితి పెట్టలేదు. జోన్ సైనింగ్ కీని మాత్రం 90 రోజులకొకసారి బైండే మారుస్తుంది, అందులో డీఎస్ జోక్యం ఉండదు కాబట్టి మాకు తెలియకుండానే జరిగిపోతుంది. కీ సైనింగ్ కీ రహస్య భాగాన్ని ఆ 44 అక్షరాల్లో రెండు కాగితాల మీద రాశాము. నేను రాసినదాన్ని ఆ అమ్మాయి, ఆమె రాసినదాన్ని నేను యంత్రంలోకి ఎక్కించి, దానితో ఒక పరీక్ష జోన్‌కు సంతకం పెట్టి, నిజంగా పని చేస్తోందని చూశాకే కవర్లలో పెట్టి లక్క వేశాము. ఒకటి బ్యాంకు లాకరులో ఉంది. రెండోది అదే ఇనప బీరువాలో ఉంది; అయితే ఆ బీరువాకు రెండో తాళంచెవి చేయించి మేనేజరు గారి దగ్గర ఉంచాము. "పండక్కి నన్ను పిలవక్కర్లేదు కదా ఇంక" అని అకౌంటెంటు గారు రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు.

గడువుల కాపలాకు ఒక చిన్న స్క్రిప్టు పెట్టాము. అది మా సర్వరును కాక, బయటి రెండు సర్వర్లనూ రోజుకు రెండుసార్లు అడిగి, ఏ సంతకానికైనా నాలుగు రోజుల కన్నా తక్కువ గడువు మిగిలితే నాకూ ఆ అమ్మాయికీ సందేశం పంపుతుంది. ఒకే ఒక్కసారి పంపింది, 2024 వానాకాలంలో: ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక, ప్రధాన సర్వరు బోర్డు మీది బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కు వెళ్ళింది, సమయం సరిచేసే సేవ మొదలవలేదు. తప్పు తేదీని బట్టి గడువు ఇంకా చాలా ఉందనుకుని, అది కొత్త సంతకాలు పెట్టడం మానేసింది. అప్పుడు నేను సెలవులో ఉన్నాను. ఆ అమ్మాయే గడియారం సరిచేసి, సంతకాలు తాజా అయ్యాయని బయటి నుంచి చూసి, నాకు ఒక్క వరుస పంపింది.

ఇప్పుడు మా ముందున్న పని మా కీలది కాదు, మూల జోన్ కీది. 2018 అక్టోబరు 11న మొదటిసారి మారిన మూల కీ సైనింగ్ కీ మళ్ళీ మారబోతోంది. 38696 అన్న గుర్తు సంఖ్య గల కొత్త కీని 2025 జనవరి 11 నుంచి జాబితాలో ప్రకటిస్తున్నారు. 2026 అక్టోబరు 11 నుంచి దానితో సంతకాలు మొదలుపెట్టాలన్నది ప్రణాళిక. సంతకాలను సరిచూసే రిజాల్వర్ కొత్త కీని 30 రోజుల పాటు వరుసగా గమనించాక దాన్ని తానే నమ్మదగినదిగా రాసుకుంటుంది, ఆఫీసులో ఉన్నది ఎప్పుడో రాసుకుంది. సముద్రం వైపు ఉన్న మా సేకరణ కేంద్రంలోని పాత రిజాల్వర్ పెట్టె మాత్రం పట్టుబడుల రోజుల్లోనే నడుస్తుంది, మిగతా రోజుల్లో స్విచ్చి తీసేసి ఉంటుంది, అక్కడెప్పుడూ 30 రోజులు నిండవు. పోయిన వారం వెళ్ళి చూస్తే అందులో ఇంకా 20326 గుర్తు గల పాత కీ ఒక్కటే ఉంది. కొత్త కీని చేత్తో చేర్చడానికి, ఆ కేంద్రం చూసే ఆయన వచ్చే మంగళవారం గది తాళం తీస్తానన్నారు.